చెకింగ్ కాక కట్టని ముడి

కరోనాలో పోయిన మనవాళ్ళ జ్ఞాపకంగా మా సంఘం ఒక చిన్న పుస్తకం వేస్తోంది. అచ్చుకు పోయే ముందు ఒకసారి చూసి, తప్పులుంటే దిద్ది, సంతకం పెట్టి పంపమని ప్రూఫు కాగితాలు నాకు ఇచ్చారు. పదకొండో పేజీలో చెకింగ్ కాక ఫోటో ఉంది. రేషన్ కార్డు కోసం తీయించుకున్న ఫోటో. అందులో కూడా, తీసేవాడి పనితనం నచ్చనట్టే చూస్తున్నాడు. కింద మూడు వాక్యాలు. 'ముప్పై ఏళ్ళకు పైగా మగ్గాల కార్ఖానాలో గుడ్డ చెకింగ్ పని చేశారు. అందరితో కలుపుగోలుగా ఉండేవారు. చివరి రోజుల్లో చూపు మందగించి పని మానుకున్నారు.'

మొదటి వాక్యం నిజం. రెండోది చదివి నవ్వొచ్చింది. ఆయనతో ఒక పూట గడిపిన వాళ్ళెవరూ ఆ మాట రాయరు. మూడోది అబద్ధం. ఆ అబద్ధం పుట్టింది నా నోట్లోంచి. అది ఎట్లా పుట్టిందో చెప్పకుండా ఆ కాగితం మీద సంతకం పెట్టడం నా వల్ల కాలేదు.

సూరత్‌లోని లింబాయత్‌లో మా భవనంలో ఆయనది కింది అంతస్తు, నాది మూడోది. మా నాన్నా ఆయనా సిరిసిల్ల వైపు నుంచి ఒకేసారి సూరత్ వచ్చి, పక్కపక్క మగ్గాల మీద పని నేర్చుకున్నవాళ్ళు. నాన్న నన్ను చదివించాడు. నేను సలాబత్‌పురాలో మగ్గాల సామాన్ల దుకాణం పెట్టుకున్నాను. ఆయన మగ్గం వదిలి చెకింగ్ బల్ల దగ్గరికి మారాడు. అప్పటినుంచి మా గల్లీలో పిల్లలకూ పెద్దలకూ ఆయన చెకింగ్ కాక.

మగ్గం మీంచి దిగిన గుడ్డను వాలుబల్ల మీదికి లాగుతూ, వెనక వెలిగే ట్యూబులైటు వెలుతురులో తప్పులు పట్టడం ఆ పని. తెగిన పోగు, తప్పిన పేక, నూనె మరక. తప్పు కనబడిన చోట గుడ్డ అంచుకు ఎర్ర దారంతో ముడి వేస్తారు. ఆ ముడి పడిందంటే సేఠ్ అయినా విప్పించలేడు. ఒక్క ముడికి నేసినవాడి కూలిలో కోత పడుతుంది. అందుకని ఆయనంటే నేతవాళ్ళకు భయం, కోపం, కొంచెం గౌరవం. కొంచెమే.

ఆ పని కార్ఖానాలో వదిలి ఇంటికొస్తే ఎవరికీ బాధ లేకపోయేది. ఆయన వదిలేవాడు కాడు. పోగులు లెక్కపెట్టే చిన్న మడత భూతద్దం ఎప్పుడూ చొక్కా జేబులో ఉండేది. పెళ్ళికి పిలిస్తే పెళ్ళికొడుకు చెయ్యి పట్టుకొని "జర ఆగు బిడ్డా" అని సూటు మీద అద్దం పెట్టేవాడు. పెళ్ళిపత్రిక ఇస్తే అందులో పేరు ముందు చూడడు, అంచు వంకరగా కోసింది చూస్తాడు. నేను ఇల్లు కొన్నప్పుడు అందరూ బాగుందన్నారు. ఆయన గడపలో నిలబడి, మెడ పక్కకు వంచి, "గీ గోడ ఎడమదిక్కు ఒరిగింది" అన్నాడు. ఆ మాట తర్వాత ఆ గోడ నాకు ఇప్పటికీ ఒరిగే కనిపిస్తుంది. ఒకసారి విసుగెత్తి అడిగాను.

"కాకా, నీకు ఒక్కటన్నా మంచిగ కనవడదా?"

"మంచిగున్నదాన్ని మంచిగున్నదని చెప్పెతందుకు నేనెందుకు తమ్మీ? అది సూస్తెనే ఎరుకైతది."

మా నాన్న పోయిన రోజు కూడా ఇంతే. పాడె సిద్ధమైంది, పైన కప్పడానికి తెల్లగుడ్డ తెచ్చారు. ఆయన దాన్ని చేతిలోకి తీసుకొని, విప్పి, వెలుతురుకు పట్టాడు. నాకు ఒళ్ళు మండింది. "వద్దు, ఇంకోటి తేండ్రి" అన్నాడు. అందరూ ఎండలో నిలబడి ఉన్నారు. ఎవరో గట్టిగానే కసిరారు. ఆయన గుడ్డ నడిమధ్య తెగిన పోగు చూపించి, "జిందగీ అంత మగ్గం మీద కూసున్నోన్ని ఫాల్ట్ గుడ్డల తోల్తరా?" అని, తనే బజారుకు పోయి వేరే గుడ్డ తెచ్చాడు. అరగంట ఆలస్యమైంది. చాలా ఏళ్ళు నేను ఆ అరగంటనే గుర్తు పెట్టుకున్నాను.

ఇక ఆ అబద్ధానికి మూలమైన దుర్బీన్ల సంగతి. నాకు షుగర్ వచ్చాక డాక్టరు రోజూ నడవమన్నాడు. తాపీ ఒడ్డున నడుస్తుంటే పిట్టల్ని చూసే గుంపొకటి తగిలింది. వాళ్ళను చూసి నేనూ మధ్యరకం బైనాక్యులర్ ఒకటి కొన్నాను. రెండేళ్ళు దాంతో హాయిగా గడిచింది. ఆ తర్వాత గుంపులో ఒకాయన తన యూరప్ బైనాక్యులర్ ఒక్క నిమిషం నా చేతికిచ్చాడు. ఆ నిమిషంతో నా హాయి పోయింది. చివరికి నేనూ ఆ తరహాదే కొన్నాను. ధర ఇక్కడ రాయను. మా ఆవిడ కూడా ఇది చదువుతుంది.

కొన్న రెండు నెలలకు లాక్‌డౌన్ పడింది. మగ్గాలన్నీ ఆగిపోయాయి. చప్పుడు లేని లింబాయత్‌లో మాకు మాట్లాడుకోవడం కూడా సరిగ్గా రాలేదు, పుట్టినప్పటినుంచి మగ్గం చప్పుడు మీదుగా అరిచి మాట్లాడడమే అలవాటు. సాయంత్రాలు అందరం భవనం పైన దాబా మీద చేరేవాళ్ళం. గద్దలు, కొంగలు, ఊరు వదిలి పోవడానికి గుంపులు కడుతున్న గులాబీరంగు గోరింకలు. నేను రెండు బైనాక్యులర్లూ పైకి తెచ్చేవాణ్ణి. పాతది అడిగిన వాళ్ళకిచ్చి, కొత్తది నా మెడలో వేసుకునేవాణ్ణి. తేడా చెప్పమని అందరినీ అడిగేవాణ్ణి. అందరూ కొత్తదే గొప్పదనేవారు, చూడకముందే.

ఒక సాయంత్రం కాక మెట్లెక్కి వచ్చాడు. మూతికి చేతి రుమాలు, భుజం మీద మడిచిన తెల్లగుడ్డ.

"ఏంది తమ్మీ, రెండు దుర్బీన్లు? కంటికొకటా?"

"చూడు కాకా. ఏది మంచిదో నువ్వే చెప్పు."

ఆ మాట ఎందుకన్నానా అని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. మెచ్చుకోలు కావాలనిపిస్తే మెచ్చుకునేవాళ్ళు భవనం నిండా ఉన్నారు. వాళ్ళందరి మెచ్చుకోళ్ళూ చాలక ఈయనది కావాలనిపించింది.

"పిట్టలు కదులుతయ్. కదిలేదాని మీద చెకింగ్ కాదు" అని, భుజం మీది గుడ్డను రోడ్డవతలి దాబా మీది వాళ్ళకు ఉండగట్టి విసిరి, తీగ మీద వేలాడదీయించాడు. అది కార్ఖానాలో పక్కన పడేసిన ముక్క. దానిలో రెండు పేకలు తప్పి అడ్డంగా సన్నగీత ఒకటి ఉంది. ఆ గీత ఎక్కడుందో ఆయనకు తెలుసు. అది ఏ దుర్బీన్‌లో ఎట్లా కనిపిస్తుందన్నదే పరీక్ష.

నేను కళ్ళు ఆనించే రబ్బర్లకు శానిటైజర్ రాయబోతే చెయ్యి పట్టుకున్నాడు. "అద్దానికి తగిలితె పూత పోతది" అని తన రుమాలు కొసతో తుడిచాడు. మోచేతులు పిట్టగోడ మీద ఆనించి ముందు పాతదానితో చూశాడు. మేం అయిదారుగురం చుట్టూ నిలబడ్డాం. ఎంతసేపు చూశాడంటే, మగ్గాలకు నూలు బీములు ఎక్కించే రాజన్న "కాకా, గుడ్డ చూస్తున్నవా, గుడ్డ వెనక ఎవలన్న ఉన్నరా?" అన్నాడు. ఎవరూ కదల్లేదు. కాక కూడా.

"నడుమ మంచిగున్నది" అన్నాడు చివరికి. "అంచులకు వోతుంటె గుడ్డ కరుగుతున్నది. కరెంటు తీగ పక్కపొంటి జర ఊదారంగు అద్దినట్టున్నది. తెలుపు కొంచెం పసుపు తాగింది. గని గీత కనవడుతున్నది."

తర్వాత నా మెడలోది తీసుకున్నాడు. ముందు ఒక కన్ను మూసి చూశాడు.

"వాహ్! అంచుదాంక ఒక్కతీరుగున్నది. తెలుపు తెలుపే. తీగ పక్కకు రంగు లేదు. పొద్దు గూకుతున్నా ఇంకా వెలుగున్నది దీంట్ల. గిది పనితనం అంటె."

నా ఛాతీ ఎంత ఉబ్బిందో చెప్పలేను. ఆయన నోట 'వాహ్' విన్నవాళ్ళు మా గల్లీలో ఎవరూ లేరు. తర్వాత రెండు కళ్ళూ తెరిచి చూశాడు. దింపాడు. కళ్ళు నలుపుకున్నాడు. మళ్ళీ చూశాడు. దాన్ని మెల్లగా కళ్ళనుంచి దూరంగా జరుపుతూ, మళ్ళీ దగ్గరికి తెస్తూ రెండు మూడుసార్లు చూశాడు. తర్వాత దాన్ని అటూ ఇటూ తిప్పి, మూలమీద బొటనవేలితో రుద్దాడు. ఆ వేలు ముక్కు దగ్గర పెట్టుకొని చూసి లుంగీకి తుడుచుకున్నాడు.

"తమ్మీ, ఇది బాగలేదు."

రాజన్న ఎగిరి గంతేశాడు. "అయిపాయె! అన్న ఫారిన్ దుర్బీన్‌కు ఎర్రముడి వడ్డది!"

అందరూ పగలబడి నవ్వారు. కాక నవ్వలేదు. "ఒక్కొక్క కన్నుకు మంచిగున్నది. రెండు కండ్లతోని సూస్తె పోగు మీద పోగు కూసుంటలేదు. కుడిది జర మీదికి, ఎడమది జర కిందికి. కండ్లే గుంజి కలుపుకుంటున్నయ్. గీత రెండైతున్నది, లేకుంటె అలుక్కపోతున్నది. నీకు తలకాయ నొస్తలేదా?"

నొస్తోంది. నెల రోజులుగా నొస్తోంది. మా ఆవిడతో ఎండవల్ల అని చెబుతున్నాను. కానీ అక్కడ అందరూ నవ్వుతున్నారు.

"నాకు మంచిగనే కనవడుతుంది కాకా. రెండు బొమ్మలు కనవడుతున్నయంటె నీ కండ్లకు మోతియా వచ్చినట్టున్నది. చూపించుకో."

మోతియా అంటే కంట్లో వచ్చే పొర. ఈసారి నవ్వు ఆయన మీదికి తిరిగింది. ఆయన నా మొహంలోకి ఒక్క క్షణం చూశాడు. దుర్బీన్ నా చేతికిచ్చి, ఎదుటి దాబా వాళ్ళను కేకేసి గుడ్డ వెనక్కి విసిరించుకుని, నాలుగు మడతలు పెట్టి భుజాన వేసుకొని దిగిపోయాడు.

అంతటితో ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. రాత్రి దాకా రాజన్న ఎర్రముడి అంటూ వెక్కిరిస్తూనే ఉన్నాడు. నేను మా వాట్సాప్ గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టాను. "చెకింగ్ కాకకు మోతియా వచ్చింది. ఒకటి రెండుగ కనవడుతుందట. ఇక గుడ్డల ఫాల్టులు గూడ డబుల్ వడ్తయ్, నేసెటోళ్ళు జర పైలం!" నవ్వు బొమ్మలు వరసగా పడ్డాయి. ఆ గ్రూపులో ఆయన కార్ఖానాలో నేసేవాళ్ళు ఉన్నారు. ఆయన ముళ్ళ వల్ల కూలి పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు. అది నాకు తెలుసు. తెలిసి కూడా పెట్టాను.

కొన్ని నెలలకు మగ్గాలు సగం సగం మొదలయ్యాయి. కాక మొదటిరోజే పనికి పోయాడు. సేఠ్ కుర్చీ వేసి కూర్చోబెట్టి, చాయ్ తాగించి, "కాకా, బహుత్ కామ్ కియా. అబ్ ఆరామ్ కరో" అన్నాడట, ఇక పని చాలించి విశ్రాంతి తీసుకొమ్మని. ఎందుకని అడిగితే కళ్ళ వైపు చెయ్యి చూపించాడట. ఎవరో సేఠ్‌కు నా మెసేజ్ వినిపించారు. మగ్గాలు సగమే నడుస్తున్నాయి, పనివాళ్ళను తగ్గించుకోవడానికి ఏదో ఒక సాకు కావాలి, నా మాట లేకపోతే ఇంకోటి దొరికేది అని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. అది నిజమే కావచ్చు. కానీ దొరికిన సాకు నాది.

అప్పుడు కాక నా దుకాణానికి వచ్చాడు. సలాబత్‌పురాకు ఎప్పుడూ రానివాడు షేరింగ్ ఆటోలో వచ్చాడు. నన్ను తిడతాడనుకుని, నేనే ముందు గొంతు పెంచి, "ఏంది కాకా, గీ కరోనాల బయటికెందుకొచ్చినవ్?" అన్నాను. కూర్చోమన్నా కూర్చోలేదు. వచ్చిన పని చెప్పాడు, అంతే.

"నువ్వు జర సేఠ్ కాడికి రావాలె తమ్మీ. రెండు దుర్బీన్లు పట్కరా. గుడ్డ సేఠ్‌నే ఎంచుకొమ్మను, నాకు సూపియ్యకుంట. నేను దూరంకెళ్ళి సూసి ఫాల్ట్ ఎక్కడున్నదో చెప్త. నువ్వు సాక్షిగ నిలవడు, గంతే."

"నేనెందుకు కాకా? దవాఖానకు పోయి కండ్ల సర్టిఫికెట్ తెచ్చుకో."

"దవాఖానల గోడ మీది అచ్చరాలు సదివిపిస్తరు. గుడ్డ సదివిపియ్యరు. మాటన్నది నువ్వు. నువ్వొస్తెనే సేఠ్ ఇంటడు."

ఎంత విసుగొచ్చిందో! అందులోనూ పనితనమే, పరీక్షే. నా మాట తప్పని ఒప్పుకొమ్మని కూడా అడగలేదు. పక్కన నిలబడమన్నాడు, అంతే. "కరోనా తగ్గనియ్యి కాకా, చూద్దాం" అన్నాను. ఆయన తల ఊపి, కౌంటర్ మీద పరిచిన గుడ్డ అంచు వంకరగా ఉంటే సరిచేసి, వెళ్ళిపోయాడు. తర్వాత మెట్ల మీద ఎదురైనా మళ్ళీ అడగలేదు. నేను పైనుంచి కింది మెట్ల మీద ఆయన కాళ్ళు కనిపిస్తే ఆగి, ఆయన లోపలికి పోయాకే దిగేవాణ్ణి.

రెండో వేవ్‌లో పోయాడు. ఆస్పత్రి నుంచి ఇంటికి తేనివ్వలేదు. ఏ గుడ్డ చుట్టారో, దాన్ని ఎవరు చూశారో మాలో ఎవరికీ తెలియదు.

ఆ తర్వాత నా తలనొప్పి భరించలేనంత అయితే, ముంబైలో కెమెరాలూ దుర్బీన్లూ బాగుచేసే ఆయనకు నా బైనాక్యులర్ పంపాను. నాలుగు రోజులకు ఫోన్ చేసి మొదట అడిగిన మాట, "ఎక్కడ పడేశారు?" కుడి గొట్టంలో లోపలి పట్టకం దెబ్బ తిని కొంచెం పక్కకు జరిగిందన్నాడు. ఒక కన్ను పైకి, ఒక కన్ను కిందికి చూస్తోందన్నాడు. కాక పోగు లెక్కన చెప్పినదాన్నే ఆయన యంత్రం లెక్కన చెప్పాడు.

ఎక్కడ పడిందో నాకు తెలుసు. లాక్‌డౌన్‌కు వారం ముందు, నడక నుంచి వచ్చి మెట్లెక్కుతుంటే, తోలుపట్టీ జారి రెండు మెట్లు దొర్లింది. అద్దాలు పగల్లేదు. మూల దగ్గర రబ్బరు లేచి తెల్లగా గీత పడింది. మా ఆవిడ చూస్తుందని ఆ గీతకు నల్ల బూట్ పాలిష్ పూశాను. దాబా మీద ఆ సాయంత్రం "నీ కండ్లకే మోతియా" అన్నప్పుడు అది కిందపడిన వస్తువని ఎరిగే అన్నాను. ఈ సంగతి నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. అట్లా అనుకున్నాను.

ఈ ప్రూఫు వచ్చిన రోజు కింది అంతస్తుకు దిగాను. ఆయన భార్య, నేను చిన్నమ్మ అంటాను, చీర ఒళ్ళో పరుచుకొని చమ్కీలు అంటిస్తోంది. చాప మీద కూర్చుని చెప్పేశాను. "చిన్నమ్మా, గా దుర్బీన్ నా చేతులకెళ్ళి కిందవడ్డది. కాక చెప్పిందే నిజం. నాకు అప్పుడే ఎరుక."

ఆమె తల ఎత్తలేదు. "మాకూ ఎరికే" అంది.

"ఎవలు చెప్పిన్రు?"

"ఆయ్‌నే. గా పొద్దుకే. పైనుంచి దిగంగనే బొటనేలు నా ముక్కుకాడ వెట్టి ఏం వాసన అన్నడు. బూటు పాలీష్ అన్న. నవ్విండు. 'కింద వడేసుకున్నడు, పెండ్లాం సూస్తదని పాలీష్ రాసిండు, మల్ల నా కండ్లు పోయినయంటున్నడు' అన్నడు."

"మరి అక్కడ్నే అందరి ముంగట ఎందుకనలే?"

"నేను గదే అడిగిన. పని వోయినంకనైతె కొట్లాడిన. పోయి వాని బండారం బయటవెట్టు, సేఠ్‌కు చెప్పు అన్న. ఇంటెనా? 'గుడ్డకైతె ముడి నేనేస్త, మనిషికి వాడే ఏసుకోవాలె' అన్నడు." ఒక చమ్కీ వంకరగా పడితే గోరుతో ఊడదీసి మళ్ళీ పెట్టింది. "ముప్పై ఏండ్లు నా కూరల ఉప్పు లెక్కవెట్టిండు. ఒక్కపూట ఊకోలే. నీ ఒక్కనికాడనే ఎక్కడలేని ఓపిక వచ్చె ఆయ్‌నకు. నాకైతె ఇప్పటికి కోపమే."

ఎవరి మీద కోపమో అడగడానికి ధైర్యం చాలలేదు. చమ్కీల పెట్టె పక్కన ఎర్ర దారం ఉండ ఉంది. కొంచెం దారం కావాలన్నాను. ఎందుకని అడగకుండా పళ్ళతో కొరికి ఇచ్చింది.

పదకొండో పేజీలో మూడో వాక్యం కొట్టేశాను. దాని చోట, 'చూపు చివరిదాకా బాగుంది. పని ఆయన మానుకోలేదు, మాన్పించారు. అందుకు కారణం నేను' అని రాసి కింద నా పేరు పెట్టాను. రెండో వాక్యం కూడా కొట్టేశాను. అది ఉంచితే ఆయన ఊరుకోడు. తర్వాత ఆ కాగితం అంచుకు సూదితో చిల్లు పొడిచి, ఎర్ర దారం దూర్చి, ఆయన వేసినట్టే రెండు మెలికల ముడి వేశాను. మొదటిసారి సరిగ్గా పడలేదు. విప్పి మళ్ళీ వేశాను.